డ్రమ్మర్ కోసం నోటీసు బోర్డులో పెట్టిన చీటీ

పాట ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే కాలమ్‌లో, క్వీన్ అనే ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ గోడల మధ్య పుట్టి పెరిగిందని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు ఏవీ తీసుకోకుండా, మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కాకినాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ, థర్డ్ ఇయర్. నలుగురం కలిసి బ్యాండ్ పెట్టుకున్నాం. మొన్న మా ఫెస్ట్‌లో మొదటిసారి స్టేజి ఎక్కాం, మూడు నెలలు ప్రాక్టీస్ చేశాం అన్నా, తీరా రెండో పాట మధ్యలో ఉండగానే సౌండ్ వాళ్లు వచ్చి ఇంక చాలు డీజే వెయిట్ చేస్తున్నాడు అని లైన్ కట్ చేసేశారు. ముందు వరసలో వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. మర్నాడు మా బేస్ గిటార్ వాడు నేను మానేస్తున్నా అన్నాడు. మీరు క్వీన్ గురించి రాసింది చదివాక అడగాలనిపించింది. వాళ్ల కాలేజీ కాన్సర్ట్‌లు ఎలా ఉండేవి? చూసినవాళ్లు ఏమన్నారు? (స్టూడెంట్, కాకినాడ)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాట మధ్యలో లైన్ కట్ చేయడం అంటే భోజనం చేస్తున్నవాడి ముందు నుంచి విస్తరి లాగేయడమే, అది ఎవరు చేసినా తప్పే. ఇక నువ్వడిగినదానికి వస్తా, కొంచెం వెనక నుంచి చెప్పాలి.

బ్రయాన్ మే అని క్వీన్ గిటారిస్టు, పొడుగ్గా ఉంగరాల జుట్టుతో ఉంటాడే, ఆయన 1965లో ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ చదవడానికి చేరాడు. అప్పటికే ఒక బ్యాండ్ ఉంది, పేరు 1984, అందులో పాడేవాడు టిమ్ స్టాఫెల్. వీళ్లకి కాలేజీలో దొరికిన పెద్ద ఛాన్స్ ఏంటంటే 1967 మే 13న జిమి హెండ్రిక్స్ అనే పేరుమోసిన గిటారిస్టు ఇంపీరియల్‌కి వాయించడానికి వస్తే ఆయనకన్నా ముందు స్టేజి ఎక్కడం. హెండ్రిక్స్ గ్రీన్ రూమ్ నుంచి బయటికొచ్చి స్టేజి ఎటు అని వీళ్లనే అడిగాడట. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాళ్లకి అది ఎంత పెద్ద విషయమో ఊహించుకో, మన ఊళ్లో ఒక పెద్ద విద్వాంసుడు కచేరీకి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ పిల్లాణ్ని బాబూ వేదిక ఎక్కడ అని అడిగినట్టు.

ఆ బ్యాండ్ ఎక్కువ రోజులు సాగలేదు. 1968లో మే, స్టాఫెల్ కలిసి కొత్తది మొదలుపెడదాం అనుకున్నారు కానీ డ్రమ్మర్ లేడు. అప్పుడు ఇంపీరియల్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక చీటీ పెట్టారు, డ్రమ్మర్ కావాలి, జింజర్ బేకర్‌లా మిచ్ మిచెల్‌లా వాయించేవాడు అయ్యుండాలి అని. ఆ రోజుల్లో వాళ్లిద్దరూ ఇంగ్లాండ్‌లో పేరుమోసిన డ్రమ్మర్లు. ఆ చీటీ చూసింది డ్రమ్మర్ కాదు, డ్రమ్మర్ రూమ్మేట్! రోజర్ టేలర్ చదివేది వేరేచోట, పళ్ల డాక్టర్ కోర్సు, అతని రూమ్మేట్ మాత్రం ఇంపీరియల్ స్టూడెంటు, చీటీ చూసి రూముకి వెళ్లి చెప్పాడు. అంతే. ఆ ఒక్క కాగితం ముక్క లేకపోతే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదని నేను గట్టిగా నమ్ముతా.

ముగ్గురూ కలిసి పెట్టుకున్న పేరు స్మైల్. 1968 అక్టోబర్ 26న అదే కాలేజీలో మొదటి షో, ఆ రాత్రి మెయిన్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్, వీళ్లు ముందు వాయించారు. ఇది చదివి నీకు కుళ్లు పుట్టొచ్చు, మాకేమో డీజే, వాళ్లకేమో హెండ్రిక్స్, పింక్ ఫ్లాయిడ్ అని. నిజమే, అక్కడి పద్ధతి వేరు. ఇంగ్లాండ్‌లో అప్పుడు ప్రతి కాలేజీకీ స్టూడెంట్స్ యూనియన్ ఉండేది, దానికి సొంతంగా డబ్బుండేది, ఏ బ్యాండ్‌ని పిలవాలో కుర్రాళ్లే తేల్చుకునేవాళ్లు, అందుకే పెద్ద పెద్ద బ్యాండ్‌లు కూడా కాలేజీ భోజనాల హాళ్లలో వాయించేవి. ది హూ అనే బ్యాండ్ వాళ్ల పేరుమోసిన లైవ్ ఆల్బం 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీ క్యాంటీన్ హాల్లో రికార్డ్ చేసిందే. మన దగ్గర ఫెస్ట్‌కి డబ్బు స్పాన్సర్ దగ్గర్నుంచి వస్తుంది కాబట్టి స్పాన్సర్‌కి ఏం కావాలో అదే జరుగుతుంది, మీ లైన్ కట్ అవ్వడానికి అసలు కారణం అదే అయ్యుండొచ్చు, మీ వాయిద్యం కాదు.

సరే, 1970 మొదట్లో స్టాఫెల్ వెళ్లిపోయాడు. ఆ బ్యాండ్ వెంట షోలకి తిరుగుతూ, ఎలా నిలబడాలో ఏం బట్టలేసుకోవాలో సలహాలిస్తూ ఉండే ఒక స్నేహితుడు ఆ చోటులోకి వచ్చాడు. స్టాఫెల్‌తో పాటు ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో చదివిన ఫ్రెడ్డీ బుల్సారా. బ్యాండ్‌కి క్వీన్ అని పేరు పెట్టింది ఆయనే, తన పేరు మెర్క్యురీ అని మార్చుకున్నది కూడా అప్పుడే. 1970 జూన్ 27న కార్న్‌వాల్‌లో ట్రూరో అనే రోజర్ వాళ్ల సొంతూళ్లో రెడ్ క్రాస్ కోసం మొదటి షో, అది కూడా పాత పేరు స్మైల్ మీదే బుక్ అయింది. జూలై 18న మళ్లీ ఇంపీరియల్ కాలేజీ.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, చూసినవాళ్లు ఏమన్నారు అని. 1970 అక్టోబర్‌లో కెన్సింగ్టన్‌లో ఎస్టేట్ మేనేజ్‌మెంట్ నేర్పే ఒక కాలేజీలో క్వీన్ వాయించారు. హాల్లో ఒక పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఉన్నాడు, చెల్సీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. తర్వాత రోజుల్లో ఆ రాత్రి గురించి అడిగితే ఆయన చెప్పింది ఏంటంటే, అందరూ నల్ల బట్టల్లో ఉన్నారు, లైట్లు బాగా తక్కువ, నాకు నాలుగు నీడలే కనిపించాయి, అప్పుడు పెద్దగా గుర్తుండిపోయేంతగా ఏమీ అనిపించలేదు అని. ఆ కుర్రాడి పేరు జాన్ డీకన్. నాలుగైదు నెలల తర్వాత క్వీన్‌కి బేస్ ప్లేయర్ అయ్యాడు, బ్యాండ్ చరిత్రలో బాగా అమ్ముడుపోయిన పాటల్లో ఒకటి, 1980లో అమెరికాలో నంబర్ వన్ అయిన 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్', రాసింది ఆయనే.

తమ్ముడూ ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. ఫ్రెడ్డీ మెర్క్యురీ లాంటి మనిషి పాతిక అడుగుల దూరంలో నిలబడి పాడుతుంటే, అదీ సంగీతం తెలిసిన కుర్రాడికి, ఏమీ అనిపించలేదు! మీ ముందు వరసలో ఫోన్ చూసుకుంటున్నవాళ్ల మీద కోపం పెట్టుకోకు. ఆ రాత్రి క్వీన్ కూడా ఇంకా క్వీన్ కాలేదు, లైట్లు సరిపోలేదు, పాటలు సగం సగం, మధ్యలో పాత రాక్ అండ్ రోల్ పాటలు కలిపి టైం నింపేవాళ్లు.

ఇంకోటి, మీ బేస్ వాడు మానేశాడన్నావు కదా. క్వీన్‌కి మొదటి బేస్ ప్లేయర్ మైక్ గ్రోస్, కొన్ని షోలు చేసి వెళ్లిపోయాడు. తర్వాత బ్యారీ మిచెల్, 1971 జనవరిలో మానేశాడు. ఆ తర్వాత ఇంకొకాయన రెండే రెండు షోలు. డీకన్ నాలుగోవాడు. ఏడాది తిరక్కుండా ముగ్గురు పోయారు, మిగిలినవాళ్లు మాత్రం ప్రాక్టీస్ ఆపలేదు. డీకన్‌కి ఆడిషన్ ఎక్కడ జరిగిందో తెలుసా, ఇంపీరియల్ కాలేజీలో ఒక లెక్చర్ హాల్లో. బల్లలు మెట్లు మెట్లుగా ఉండి కింద బ్లాక్‌బోర్డు ఉంటుందే, అలాంటి గదిలో. మే అప్పటికి అక్కడే రీసెర్చ్ చేస్తున్నాడు కాబట్టి గది దొరికేది. పగలు ఫిజిక్స్ పాఠం, సాయంత్రం ఆంప్లిఫయర్లు. నన్నడిగితే హెండ్రిక్స్‌కి ముందు వాయించడం కన్నా ఆ ఖాళీ గది దొరకడమే వాళ్ల పెద్ద అదృష్టం.

కాబట్టి నీకు నేను చెప్పేది ఒకటే. ఫెస్ట్ స్టేజి గురించి కొన్నాళ్లు మర్చిపో. మీ హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లి వారానికి రెండు సాయంత్రాలు సెమినార్ హాల్ అడుగు, కుర్చీలు సర్ది తాళం వేసి వాచ్‌మన్‌కి అప్పజెప్తాం అని కాగితం మీద రాసివ్వు. ఒప్పుకుంటే నెలకోసారి ఒక ముప్ఫై మందిని పిలిచి వాయించండి, డీజే ఉండడు, టైం అయిపోయిందని లైన్ పీకేవాడు ఉండడు. ముప్ఫైమందిలో ఒకడు నచ్చలేదు అంటే వాడితో ఓ పావుగంట మాట్లాడు. ఎందుకు నచ్చలేదో వాడి దగ్గరే తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంపీరియల్ కాలేజీలో ఎమ్మెస్సీ చేస్తున్నాడండీ, సెప్టెంబర్‌లో వెళ్లాడు. మీరు రాసింది వాడికి ఫోన్లో చదివి వినిపించాను. అక్కడ చూడాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి, ఫొటోలు పంపమంటాను. నేను కాలేజీ రోజుల్లో గుంటూరు అరండల్‌పేటలో క్యాసెట్ కొనుక్కుని విన్నవాణ్ని. (రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు)

జవాబు: నమస్కారం మాస్టారూ. అబ్బాయిని ప్రిన్స్ కన్సార్ట్ రోడ్డు మీద ఉన్న స్టూడెంట్స్ యూనియన్ బిల్డింగ్‌కి వెళ్లమనండి, బీట్ క్వాడ్ అంటారు, పాత ఎర్ర ఇటుకల కట్టడం. అక్కణ్నుంచి రెండడుగులు వేస్తే రాయల్ ఆల్బర్ట్ హాల్ గుండ్రటి గోడ కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య దూరం నడిస్తే ఐదు నిమిషాలు లేదు, కానీ నాకు ఈ కథ మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఆ ఐదు నిమిషాల దారిలోనే ఉంది.

1969 ఫిబ్రవరి 27న స్మైల్ బ్యాండ్ ఆ ఆల్బర్ట్ హాల్లో వాయించింది. అది ఇంపీరియల్ కాలేజీ వాళ్లు ఒక సేవా సంస్థ కోసం పెట్టిన ప్రోగ్రాం, పెళ్లికాని తల్లుల కోసం, వాళ్ల పిల్లల కోసం పనిచేసే సంస్థ. జో కాకర్ అనే గాయకుడు, ఫ్రీ అనే బ్యాండ్ లాంటివాళ్లు వచ్చిన స్టేజి మీద ఈ స్టూడెంట్లు కూడా ఉన్నారు. అప్పుడు బ్రయాన్ మే డిగ్రీ అయిపోయి పీహెచ్‌డీలోకి దిగాడు. టాపిక్ ఏంటంటే సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే మేర పరుచుకుని ఉండే సన్నటి దుమ్ము, ఆ దుమ్ము ఏ వైపు ఎంత వేగంతో కదులుతోంది అన్నది. చీకటిగా ఉండే చోట, పొద్దు పొడిచే ముందు తూర్పున ఒక లేత వెలుగు త్రికోణంలా కనిపిస్తుంది కదా, ఆ వెలుగు ఈ దుమ్ము వల్లే. దాన్ని కొలవడానికి స్పెయిన్ వాళ్ల టెనెరిఫే దీవిలో కొండ మీదకి వెళ్లి రాత్రులు కూర్చునేవాడు. 1972లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పేపర్ మీద ఆయన పేరు కూడా ఉంది. అంతలో బ్యాండ్ ఊపందుకుంది, 1973 జూలైలో మొదటి ఆల్బం, థీసిస్ సగంలో ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్లు పైగా ఆగింది. మళ్లీ ఇంపీరియల్‌కే వెళ్లి, పాత కాగితాలు బయటికి తీసి, ఆ మధ్యకాలంలో ఆ సబ్జెక్టులో వచ్చినదంతా చదివి 2007లో పూర్తి చేశాడు, అరవై ఏళ్ల వయసులో. 2008లో పట్టా తీసుకున్నది ఎక్కడంటే, ఇంపీరియల్ కాన్వొకేషన్లు జరిగేది ఆల్బర్ట్ హాల్లోనే మాస్టారూ. కుర్రాడిగా గిటార్ పట్టుకుని నిలబడిన హాల్లోనే గౌను వేసుకుని నిలబడ్డాడు. మీ అబ్బాయి కాన్వొకేషన్ కూడా అక్కడే జరుగుతుంది, మీకు వీలైతే తప్పకుండా వెళ్లండి.

ప్రశ్న: బ్రయాన్ మే గిటార్ పాత పొయ్యి చెక్కతో చేశారంటారు, అది నిజమా కట్టుకథా? నేను వడ్రంగి పని చేస్తాను, మా అబ్బాయి యూట్యూబ్‌లో చూపించాడు కానీ నమ్మబుద్ధి కాలేదు. (నిజామాబాద్)

జవాబు: నిజమేనన్నా, పైగా మీలాంటి పనివాళ్లకి ఇంకా బాగా అర్థమవుతుంది. కుర్రాడి దగ్గర కొత్త ఎలక్ట్రిక్ గిటార్ కొనే డబ్బు లేదు, వాళ్ల నాన్న హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి, చేత్తో ఏదైనా చేసేవాడు. 1963లో ఇద్దరూ ఇంట్లోనే మొదలుపెట్టారు. చలిదేశం కదా, ఇళ్లల్లో చలి కాచుకునే పొయ్యి చుట్టూ చెక్క చట్రం ఉంటుంది, పారేయబోతున్న అలాంటి పాత చట్రం చెక్కతో గిటార్ మెడ చెక్కారు. వందేళ్లు దాటిన చెక్క. అందులో పురుగు తొలిచిన కన్నాలు ఉంటే అగ్గిపుల్లలు కుక్కి పూడ్చారు. ఒళ్లుకి పాత ఓక్ బల్ల ముక్క, చెక్క పట్టీలు అతికించి చేసే బ్లాక్‌బోర్డ్ పలక (నల్లబల్ల కాదు), పైన మహాగని వెనీర్. మెడ మీద చుక్కలు ఉంటాయే, అవి వాళ్లమ్మ కుట్టుపెట్టెలో ముత్యపు చిప్ప గుండీలు, అరగదీసి అతికినవి. తీగల్ని ఊపడానికి ఒక కడ్డీ ఉంటుంది, దాని కింద స్ప్రింగులు పాత మోటార్ సైకిల్ ఇంజిన్ వాల్వులవి, ఆ కడ్డీ సైకిల్ సీటు వెనక సంచి తగిలించేది, దాని కొనకి ఊలు అల్లే సూది ముక్క. రెండేళ్లు పట్టింది. నేను ఇంతకుముందు చెప్పిన కాలేజీ షోలన్నీ, ఆల్బర్ట్ హాల్, ఆ తర్వాత వేలమంది ఉన్న స్టేడియంలు, అన్నిట్లోనూ వాయించింది ఆ గిటార్‌తోనే, ఇప్పటికీ అదే. మీటడానికి ప్లాస్టిక్ బిళ్ల వాడడు, పాత ఆరు పెన్నీల నాణెం వాడతాడు, దాని అంచు గరుకు తీగకి తగిలినప్పుడు వచ్చే చిన్న గీరుడు శబ్దం వినండి ఒకసారి, చెక్క మీద చిత్రిక ఆడినట్టు ఉంటుంది.

డీకన్ కూడా అలాంటివాడే. చెత్త తొట్టిలో దొరికిన ఒక సర్క్యూట్ బోర్డు ఇంటికి తెచ్చి, చిన్న స్పీకర్ డబ్బాలో పెట్టి, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే బుల్లి ఆంప్లిఫయర్ చేశాడు. క్వీన్ రికార్డుల్లో చాలాచోట్ల వయొలిన్లలా, బాకాల్లా వినిపించే గిటార్ అందులోంచి వచ్చిందే.

ప్రశ్న: ఫ్రెడ్డీ మెర్క్యురీ మన ఇండియా ఆయనే అని మా హాస్టల్లో గొడవ. ఒకమ్మాయి బాంబేలో పుట్టాడంటుంది. తేల్చండి సార్. (డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: పుట్టింది 1946 సెప్టెంబర్ 5న, జాంజిబార్‌లో, అది ఆఫ్రికా తూర్పు తీరంలో ద్వీపం. తల్లిదండ్రులు గుజరాత్ వైపు పార్సీలు, బుల్సారా అన్న ఇంటిపేరు వల్సాడ్ ఊరి నుంచి వచ్చింది. ఎనిమిదేళ్లప్పుడు చదువుకోసం ఇండియాకి పంపారు, మహారాష్ట్రలో పంచగని కొండ మీద సెయింట్ పీటర్స్ స్కూలు, బోర్డింగ్. పియానో నేర్చుకున్నది అక్కడే, స్నేహితులతో హెక్టిక్స్ అని మొదటి బ్యాండ్ కట్టింది కూడా అక్కడే. అందులో ఆయన పాటగాడు కాదమ్మా, వెనక కూర్చుని పియానో వాయించేవాడు. 1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు జరిగితే కుటుంబం ఇంగ్లాండ్ వెళ్లిపోయింది. కాబట్టి బాంబేలో పుట్టాడన్నది తప్పు, మన ఇండియా ఆయనే అన్నది సగం కరెక్ట్, పుట్టడం జాంజిబార్, సంగీతం మొదలైంది మన పంచగనిలో. ఇంపీరియల్ కాలేజీలో ఆయన్ని చూసినవాళ్లు ఒక లండన్ ఆర్ట్ స్టూడెంట్‌ని చూశారు, కానీ స్టేజి మీద నిలబడటం ఆయన అప్పుడు మొదలుపెట్టింది కాదు, స్కూలు హాల్లో పన్నెండేళ్ల వయసు నుంచీ ఉన్నదే.

ప్రశ్న: అన్నా మళ్లీ నేనే, కాకినాడ. మీరు ఫోన్లో చెప్పినట్టు హెచ్‌ఓడీ గారిని అడిగాం, మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా సెమినార్ హాల్ ఇచ్చారు, సౌండ్ బయటికి రాకూడదు అన్నారు. బేస్ ప్లేయర్ మాత్రం ఇంకా దొరకలేదు. మా కాలేజీ నోటీసు బోర్డులో పెట్టాం. మీ కాలమ్‌లో కూడా వేస్తారా? (స్టూడెంట్, కాకినాడ)

జవాబు: హాల్ దొరికిందంటే సగం పని అయిపోయింది తమ్ముడూ, చాలా సంతోషం. సౌండ్ సంగతికి వస్తే, డ్రమ్స్ మీద దుప్పటి కప్పండి, ఆంప్లిఫయర్లు నేల మీద కాకుండా కుర్చీల మీద పెట్టి మీ వైపు తిప్పుకోండి, అప్పుడు తక్కువ వాల్యూమ్‌లోనే మీకు మీరు వినిపిస్తారు. కిటికీలు మూసేయండి, చెమట పడుతుంది, పట్టనీ. ప్రకటన కింద వేస్తున్నా.

*బేస్ గిటార్ వాయించేవారు కావలెను. కాకినాడ, చుట్టుపక్కల వాళ్లయితే మంచిది. సొంత గిటార్ ఉండాలి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం రావాలి. మా మొదటి షో చూసి నచ్చనివాళ్లు కూడా రావచ్చు. ఈ పత్రిక ఆఫీసుకి 'పాట ముచ్చట్లు' పేరుతో రాస్తే మాకు చేరుతుంది.*